మా ఒంటి లెక్కలు మేమే రాసుకుంటాం

కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో మా ఇంటికి దగ్గర్లో ఉన్న లైబ్రరీలో నెలకో శనివారం కొంతమందిమి కలుస్తాం. అందరం లావుగా ఉన్నవాళ్ళమే. బరువు తగ్గడానికి పెట్టుకున్న సంఘం కాదది. అక్కడ కాటా ఉండదు, డైట్ చార్టు ఉండదు, ఎవరు ఎన్ని కిలోలు తగ్గారన్న ప్రస్తావన రాదు. ఆ నెలలో ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళు తమ కాగితాలు తెస్తారు. ఏ బాధతో వెళ్ళారు, బీపీ ఏ సైజు పట్టీతో చూశారు, డాక్టరు ఎంతసేపు మాట్లాడారు, ఏ పరీక్ష రాశారు, ఏ పరీక్ష అడిగినా రాయలేదు, చివరికి తేలిన జబ్బేమిటి. ఈ ప్రశ్నలన్నిటికీ గడులు గీసిన కాగితం ఒకటుంది. దాన్ని నింపి, పేరు బదులు ఒక అక్షరమూ ఒక అంకే వేసి, పెద్ద ఫైల్లో పెడతారు. నేను చేరేనాటికే ఆ ఫైలు రెండు చేతులతో ఎత్తాల్సినంత లావుంది.

నేను మెడికల్ కోడింగ్ చేస్తాను. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డులు చూసినవాళ్ళకి ఈ ఉద్యోగం కొత్తగా చెప్పక్కర్లేదు. డాక్టరు రాసిన నోట్సు చదివి, అందులో ఉన్న ప్రతి జబ్బుకీ ఐసీడీ కోడు వేసి బిల్లింగుకి పంపడం మా పని. ఊబకాయానికి ఈ66, బీఎంఐ అంకెకి జెడ్68. రోజంతా ఈ నోట్సులే చదువుతాను కాబట్టి బయటివాళ్ళకి కనిపించని సంగతి ఒకటి నాకు కనిపిస్తుంది. మనిషి నడుం నొప్పితో వచ్చినా, చెవిపోటుతో వచ్చినా, లావుగా ఉంటే చాలు, బరువు తగ్గమని చెప్పినట్టు నోట్సులో ఒక పేరా ఉంటుంది. ఏ రోగి నోట్సులో చూసినా దాదాపు అవే మాటలు. ఆ చెవిపోటు ఎప్పుడు మొదలైందో, ఏ పక్కన ఉందో మాత్రం ఒక్కోసారి ఉండదు. ఓక్లాండ్ ఫైల్లో ఉండేవి సరిగ్గా ఆ రాయని సంగతులే. వైద్యశాస్త్రానికి రోగులు చేయగల సాయాల్లో ఇంతకన్నా పెద్దది నాకు కనిపించలేదు.

బీపీ పట్టీ సంగతి తీసుకోండి. మా బృందంలో ఒక పెద్దావిడ ఉన్నారు, సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. ఆవిడ చేతి చుట్టుకొలత 46 సెంటీమీటర్లు. మామూలు పెద్దవాళ్ళ పట్టీ 27 నుంచి 34 సెంటీమీటర్ల చేతికి సరిపోయేది. అది ఆవిడ చేతికి చుట్టుకోదు. అసిస్టెంటు దాన్ని బలవంతంగా లాగి పట్టుకుంటే, గాలి ఎక్కేకొద్దీ వెల్‌క్రో చిటపటమని ఊడిపోతుంది. మళ్ళీ చుడతారు. ఈసారి మోచేతి కింద, ముంజేతికి చుడతారు. అంకె 158 అని వస్తుంది. "బీపీ ఎక్కువగా ఉంది, మాత్ర పెంచుదాం" అంటారు. ఆవిడ తన డబ్బుతో అన్నిటికన్నా పెద్ద సైజు పట్టీ కొనుక్కున్నారు. ఇప్పుడు ఎక్కడికెళ్ళినా చేతిసంచీలో అది ఉంటుంది. దానితో చూస్తే 136. ఒకే చెయ్యి, ఒకే ఉదయం, ఇరవై రెండు పాయింట్ల తేడా. ఒక మాత్ర ఎక్కువ మింగాలా వద్దా అనేది ఆ గుడ్డముక్క తేల్చింది.

ఇది ఆవిడ ఒక్కరి అనుభవమే అయితే కాకతాళీయం అనుకోవచ్చు. ఫైలు తిరగేస్తే పట్టీ గడిలో "పెద్దది లేదన్నారు", "ఎక్కడో ఉంది, దొరకలేదన్నారు", "అడిగితే విసుక్కున్నారు" అనే మాటలు పేజీ తర్వాత పేజీ కనిపిస్తాయి. 2023 ఆగస్టులో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు దీనిమీద ఒక అధ్యయనం ప్రచురించారు. బాల్టిమోర్‌లో 195 మందికి సరైన సైజు పట్టీతోనూ, తప్పు సైజు పట్టీతోనూ బీపీ చూశారు. అన్నిటికన్నా పెద్ద పట్టీ కావలసినవాళ్ళకి మామూలు పట్టీ కడితే పైఅంకె సగటున 19.5 పాయింట్లు ఎక్కువ చూపించింది. ఆ పేపరు వచ్చిన నెల మా పెద్దావిడ దాన్ని ప్రింటు తీసి తెచ్చి, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఫైలు మొదటి పేజీగా పెట్టారు. పట్టీ గడి మా కాగితంలో అంతకు చాలా ముందునుంచే ఉంది.

ఇలాంటివే మరికొన్ని. కోవిడ్ టీకాలు వేస్తున్న రోజుల్లో మా బృందంవాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్న ముఖ్యమైన సంగతి సూది పొడవు. ఆడవాళ్ళు 200 పౌండ్లు, మగవాళ్ళు 260 పౌండ్లు దాటి ఉంటే భుజం కండలోకి మందు చేరడానికి ఒకటిన్నర అంగుళాల సూది వాడాలని అమెరికా ప్రభుత్వ సీడీసీ సూచనల్లోనే ఉంది. టీకా క్యూలో నిలబడినప్పుడు ఆ సూచన ఎవరికి గుర్తుంటుంది? గుర్తుపెట్టుకున్నవాళ్ళు గుర్తులేనివాళ్ళకి చెప్పారు. అత్యవసర గర్భనిరోధక మాత్ర విషయంలో ఇంకా ఘోరం. యూరప్‌లో నార్లెవో అనే మాత్ర తయారీదారు 2013లో, 75 కిలోలు దాటితే ఈ మందు ప్రభావం తగ్గుతుందనీ, 80 దాటితే పనిచేయదనీ పెట్టె మీద రాయడానికి సిద్ధపడ్డారు. మరుసటి ఏడాది యూరప్ మందుల సంస్థ, అంత గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవంది. అంటే లక్షలమంది ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి మింగుతున్న మందు బరువైన ఒంట్లో ఎలా పనిచేస్తుందో తేల్చి చెప్పేంత పరిశోధనే జరగలేదు. లావువాళ్ళని బరువు తగ్గించే మందుల పరీక్షలకి పిలుస్తారు, మిగతా మందుల పరీక్షలకి పిలవడం తక్కువ.

ఈ సొంత లెక్కల పని మా ఓక్లాండ్ బృందంతో మొదలైంది కాదు. దీనికి యాభై ఏళ్ళ చరిత్ర ఉంది, అదీ ఈ కాలిఫోర్నియాలోనే ఎక్కువ. 1969లో న్యూయార్క్‌లో బిల్ ఫాబ్రే అనే ఆయన, లావుగా ఉన్న తన భార్య పడే అవమానాలు చూడలేక ఒక జాతీయ సంఘం పెట్టాడు. నాఫా అంటారు, ఇప్పటికీ ఉంది. లాస్ ఏంజెలెస్‌లో అందులోంచే విడివడి, ఫ్యాట్ అండర్‌గ్రౌండ్ అనే చిన్న స్త్రీల బృందం తయారైంది. 1973 నవంబరులో జూడీ ఫ్రీస్పిరిట్, ఆల్డెబరాన్ అనే పేరుతో రాసే సారా ఫిష్‌మన్ కలిసి లావువాళ్ళ విముక్తి ప్రణాళిక ప్రకటించారు. వాళ్ళ ప్రణాళిక కన్నా నాకు వాళ్ళ పనితీరు ఇష్టం. వాళ్ళు మెడికల్ లైబ్రరీలకి వెళ్ళి, డాక్టర్లు డాక్టర్ల కోసం రాసుకున్న జర్నళ్ళు చదివారు. వాళ్ళు వైద్యపట్టా ఉన్నవాళ్ళు కాదు. డైటింగు గురించి పత్రికలు ఊదరగొట్టేదానికీ, జర్నళ్ళలో డాక్టర్లు తమలో తాము ఒప్పుకునేదానికీ పొంతన లేదని వాళ్ళకి అక్కడ అర్థమైంది.

అలా ఈ ఉద్యమానికి చేతికందిన ఒక పేపరు గురించి చెప్పాలి. 1959లో ఆల్బర్ట్ స్టంకర్డ్, మేవిస్ మెక్లారెన్-హ్యూమ్ రాసింది. న్యూయార్క్ ఆసుపత్రి పోషకాహార క్లినిక్‌కి వరసగా వచ్చిన 100 మంది రోగులని వాళ్ళు గమనించారు. అందరికీ డైటు రాసిచ్చారు. అందులో 20 పౌండ్లు తగ్గినవాళ్ళు 12 మంది. 40 పౌండ్లు తగ్గినవాళ్ళు ఒక్కరు. రెండేళ్ళ తర్వాత చూస్తే ఆ 20 పౌండ్ల తగ్గుదల నిలుపుకున్నవాళ్ళు ఇద్దరు. స్టంకర్డ్ ఊబకాయ వైద్యంలో పేరున్న డాక్టరు, ఆయన ఈ నిజాన్ని దాచలేదు. అయినా క్లినిక్కుల్లో రోగులకి చెప్పే మాట మారలేదు. తగ్గకపోతే తప్పు నీదే, నోరు కట్టుకోలేదు. ఫ్యాట్ అండర్‌గ్రౌండ్ స్త్రీలు ఇలాంటి పేపర్ల సారాన్ని మామూలు మాటల్లో రాసి, టైపు చేసి, కాపీలు తీసి, ఊరూరా పోస్టులో పంపారు. తమకంటూ ఒక చిన్న ప్రచురణ సంస్థే పెట్టుకున్నారు.

1974 జులైలో గాయని కాస్ ఇలియట్ లండన్‌లో నిద్రలోనే గుండె ఆగి పోయింది. 32 ఏళ్ళు. తిండి గొంతుకి అడ్డంపడి చనిపోయిందని లోకమంతా చెప్పుకుని నవ్వింది. శవపరీక్షలో గొంతులో ఏమీ లేదు. ఆమె అంతకు ముందు తీవ్రంగా డైటింగు చేసిన మనిషి. ఆ ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన స్త్రీ సమానత్వ దినోత్సవ సభలో ఈ బృందం స్త్రీలు వేదికెక్కి, ఆమె చావుకి వైద్యవ్యవస్థే కారణమని అన్నారు. ఆ ఆరోపణ మొత్తం నిజమని నేననను. గుండె ఎందుకు ఆగిందో అంత ఖాయంగా ఎవరూ చెప్పలేరు. వాళ్ళ కోపం మాత్రం నాకు అర్థమవుతుంది. 1992లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణుల సభ ఏమని తేల్చిందో చూడండి: తగ్గిన బరువులో మూడోవంతు నుంచి మూడింట రెండొంతుల దాకా ఏడాదిలోపే తిరిగొస్తుంది, అయిదేళ్ళలో దాదాపు అంతా తిరిగొస్తుంది. లైబ్రరీలో కూర్చుని ఆ స్త్రీలు చదివి చెప్పినదాన్ని ప్రభుత్వ నిపుణులు అధికారికంగా ఒప్పుకోవడానికి పందొమ్మిదేళ్ళు పట్టింది.

రెండేళ్ళ తర్వాత, 1994లో, ఇద్దరు పరిశోధకులు ఒక రిజిస్టరు తెరిచారు. కనీసం 30 పౌండ్లు తగ్గి, ఏడాదిపాటు నిలుపుకున్నవాళ్ళ పేర్లు నమోదు చేసే జాతీయ రిజిస్టరు. వాళ్ళు ఏం తింటారు, ఎంత నడుస్తారు, పొద్దున్నే ఏం చేస్తారు, అన్నీ అడిగి రాసుకున్నారు. అందులో ఇప్పుడు పదివేలమందికి పైగా ఉన్నారు. మంచి పనే. ఆ పదివేలమంది అనుభవం విలువైనదే. అదే డైటు చేసి, అంతే నడిచి, బరువు తిరిగొచ్చినవాళ్ళ రిజిస్టరు ఏది? వాళ్ళు ఎన్ని లక్షలమంది, ఎన్నిసార్లు చేశారు, వాళ్ళ మోకాళ్ళు, గుండె, మనసు ఏమయ్యాయి? గెలిచినవాళ్ళని మాత్రమే అడిగి రాసిన పుస్తకంలో ఆట సులువుగానే కనిపిస్తుంది. లావువాళ్ళ సంఘాలు ఆ రెండో రిజిస్టరుని ఎవరి సొమ్మూ లేకుండా, గడులు గీసిన కాగితాల మీద నడుపుతున్నాయి.

రోగుల చేతికి ఈమధ్య వచ్చిన పెద్ద ఆయుధం ఒకటుంది. 2021 ఏప్రిల్ 5 నుంచి అమలైన ఒక కేంద్ర నిబంధన ప్రకారం, డాక్టరు మన గురించి రాసిన నోట్సు ఆలస్యం లేకుండా కంప్యూటర్లో మనకి కనిపించాలి. అంతకు ముందు కూడా హక్కుండేది కానీ దరఖాస్తు పెట్టి, కాపీకి డబ్బు కట్టి, వారాల తరబడి ఎదురుచూడాలి. ఇప్పుడు ఇంటికొచ్చేసరికి ఫోన్లో ఉంటుంది. మా బృందంలో చాలామంది తమ నోట్సు మొదటిసారి చదివింది అప్పుడే. "చెప్పిన మాట వినని రోగి" అన్న అర్థం వచ్చే మాట తన గురించి ఆరేళ్ళుగా ఒక నోట్సు నుంచి ఇంకో నోట్సుకి వెళ్తోందని చూసుకుని ఒకావిడ బల్ల మీద తలపెట్టి ఏడ్చారు. తప్పు ఉంటే సరిదిద్దమని రాతపూర్వకంగా అడిగే హక్కు కూడా ఉంది. ఆ ఉత్తరం ఎలా రాయాలో నా వృత్తి అనుభవంతో నేను చూపిస్తాను. ఆ గదిలో నేను చేసే పని ముఖ్యంగా అదే.

గోప్యత విషయంలో మా బృందం జాగ్రత్త చూస్తే నాకు ముచ్చటేస్తుంది. పేరు, పుట్టినతేదీ, ఆసుపత్రి పేరు, అన్నీ నల్ల మార్కరుతో కొట్టేసి, ఆ కాగితాన్ని మళ్ళీ జిరాక్సు తీసి, ఆ జిరాక్సునే ఫైల్లో పెడతారు. మార్కరు గీత వెలుతురుకి పట్టుకుంటే అక్షరాలు కనిపిస్తాయి కదా, అందుకని. అసలు కాగితం ఎవరిది వాళ్ళ ఇంటికే. ఎప్పుడు కావాలంటే అప్పుడు తమ పేజీ తీసేసుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. దీనికి పెద్ద కారణమే ఉంది. బరువు చూసి ఉద్యోగం తీసేయకూడదని 1976లో మిషిగన్ రాష్ట్రం, 2000లో శాన్‌ఫ్రాన్సిస్కో, 2023లో న్యూయార్క్ నగరం చట్టాలు చేశాయి. అలాంటి చోట్లు ఈ దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. మిగతా చోట్ల ఈ కాగితం యజమాని చేతిలో పడితే ఏమవుతుందో చెప్పలేం.

నా సంగతి. కొన్నేళ్ళ కిందట నాకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. రెండో అంతస్తుకి చేరేసరికి గుండె చెవుల్లో కొట్టుకునేది. గుడివాడలో మా అమ్మ ఫోన్లో "అమ్మాయ్, ఒళ్ళు బాగా చేశావు, అందుకే ఆయాసం" అంది. ఇక్కడి క్లినిక్కులో డాక్టరుగారూ అదే అన్నారు, ఇంగ్లీషులో. 30 పౌండ్లు తగ్గి రమ్మన్నారు. నెలసరి విపరీతంగా అవుతోందని చెప్పాను. దానికీ బరువే కారణం కావచ్చన్నారు. నోట్సు తెచ్చి శనివారం బల్ల మీద పెడితే, మా పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని చదివి, "నీ హిమోగ్లోబిన్ ఎంత?" అని అడిగారు. చూడలేదు. ఆ పరీక్షే రాయలేదు. వాళ్ళు నాకు రెండు మాటలు నేర్పి పంపారు. ఈ దేశంలో లావువాళ్ళు ఒకరికొకరు నేర్పుకుంటున్న మాటలవి. ఒకటి: "ఇదే బాధతో సన్నటి మనిషి వస్తే మీరేం చేస్తారు?" రెండు: "ఈ పరీక్ష అవసరం లేదంటున్నారు కదా, నేను అడిగాననీ మీరు వద్దన్నారనీ నోట్సులో రాయండి." రెండో మాట అనగానే పరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 7.4. గర్భసంచిలో గడ్డలు. ఐరన్ ఎక్కించి, గడ్డలకి వైద్యం చేశాక ఆయాసం పోయింది. బరువు అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

డాక్టర్లందరూ చెడ్డవాళ్ళని చెప్పడానికి కాదు ఇది. 2001లో హ్యూస్టన్‌లో 122 మంది డాక్టర్లకి ఒకే తలనొప్పి రోగి వివరాలు ఇచ్చి, బరువు మాత్రం మార్చి, ఈ రోగికి ఎంత సమయం ఇస్తారని అడిగారు. మామూలు బరువైతే సగటున 31 నిమిషాలు, లావైతే 22. వాళ్ళెవరూ కావాలని తగ్గించి ఉండరు. తగ్గిపోతుంది, అంతే. కావాలని చేయని తప్పుని తప్పు చేసినవాళ్ళు రాసి పెట్టలేరు, దాన్ని ఎదుటి కుర్చీలో కూర్చున్నవాళ్ళే రాయాలి. కెనడాలోని విక్టోరియా నగరంలో 2018లో ఒక మహిళ క్యాన్సరుతో చనిపోయారు. జబ్బు తెలిసేసరికే వైద్యం దాటిపోయింది. ఏళ్ళ తరబడి బాధ చెప్పుకుంటే బరువు తగ్గమనడం తప్ప ఎవరూ ఏమీ చేయలేదనీ, లావుగా ఉన్న స్త్రీలు తమ ఆరోగ్యం కోసం గట్టిగా నిలబడాలనీ తన మరణవార్తలో రాయించి మరీ వెళ్ళారు. అది కూడా ఒక రికార్డే.

లావువాళ్ళ ఉద్యమంలో అన్ని మాటలతోనూ నేను ఏకీభవించను. బరువుకీ ఆరోగ్యానికీ సంబంధమే లేదనేవాళ్ళు కొందరున్నారు. ఉంది. షుగరు, మోకాళ్ళ అరుగుదల, నిద్రలో ఊపిరి ఆగడం, ఇవన్నీ బరువుతో పెరుగుతాయి. మా ఫైలుకి కూడా హద్దులున్నాయి. దెబ్బతిన్నవాళ్ళే మా గదికి వస్తారు, మంచి వైద్యం దొరికినవాళ్ళకి వచ్చే అవసరం ఉండదు. కాబట్టి అందులోంచి "నూటికి ఇంతమంది" అని శాతాలు తీయకూడదు. ఒకసారి ఎవరో తీయబోతే నేనే వద్దన్నాను. ఇది పరిశోధనకి బదులు కాదు. ఏం పరిశోధించాలో చెప్పే కాగితం. న్యూజిలాండ్ మాసీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన క్యాట్ పాసే ఇదే పని చదువుల స్థాయిలో చేశారు. తాను లావుగా ఉండి, లావువాళ్ళ వైద్య అనుభవాలనే ఆధారంగా తీసుకుని 2016లో సహరచయితతో కలిసి ఒక పేపరు ప్రచురించారు. 2022లో ఆవిడ హఠాత్తుగా పోయారు.

ఇప్పుడు అందరి నోటా నానుతున్న సెమాగ్లుటైడ్ ఇంజక్షన్ల విషయంలో మా గదిలోనే గొడవలున్నాయి. కొందరు వేసుకుంటున్నారు, కొందరికి ఆ మాటే పడదు. మందు పనిచేస్తుంది. ఒక పరీక్షలో 68 వారాల్లో సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గింది. 17 వేల మందికి పైగా పాల్గొన్న ఇంకో పెద్ద పరీక్షలో, గుండెజబ్బు ఉన్నవాళ్ళకి గుండెపోటు, పక్షవాతం లాంటివి 20 శాతం తగ్గాయని 2023లో తేలింది. కాదనడానికి లేదు. మందు ఆపేస్తే ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చిందనీ ఆ మందు తయారుచేసే కంపెనీ పరిశోధనలోనే ఉంది. ఇన్సూరెన్సు మధ్యలో ఆపేస్తే ఆ మనిషి ఏమవుతాడో రాసుకునేవాళ్ళు లేరు. మేం కాగితంలో మూడు గడులు కొత్తగా గీశాం: ఎప్పుడు మొదలుపెట్టారు, ఎందుకు ఆపారు, ఆపాక ఏమైంది. మందు వేసుకునేవాళ్ళూ, వద్దనేవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చుని గీశారు.

మనవాళ్ళ మాటకొస్తాను. ఈ బీఎంఐ కొలత మనల్ని ఇంకో వైపు నుంచి మోసం చేస్తుంది. పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్ ఇద్దరూ 2004లో లాన్సెట్‌లో తమ ఫొటో పక్కపక్కన వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు చూస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. సన్నగా కనిపించే భారతీయుడి ఒంట్లో కొవ్వు దాక్కుని ఉంటుందని చూపడానికి తమ ఒళ్ళనే రుజువుగా పెట్టారు. ఈ బే ఏరియాలోనూ, షికాగోలోనూ 2010లో మొదలైన మసాలా అనే అధ్యయనం దక్షిణాసియావాళ్ళని మాత్రమే ఏళ్ళ తరబడి గమనిస్తోంది. మొదటి విడతలో చేరినవాళ్ళు 906 మంది. వాళ్ళు చేయి చాచి రక్తం ఇవ్వబట్టే మన గుండె గురించీ, షుగరు గురించీ ఇక్కడి డాక్టర్లకి ఇంతైనా తెలుస్తోంది. 2015 నుంచి అమెరికా డయాబెటిస్ సంఘం, ఆసియా మూలాలవాళ్ళకి బీఎంఐ 23 దగ్గరే షుగరు పరీక్ష చేయమంటోంది. అందరికీ 25 అయితే మనకి 23.

మా ఆడపడుచు కొడుకు బక్కపలచటివాడు. నాలుగేళ్ళ పాటు ఏ డాక్టరూ వాడికి షుగరు పరీక్ష రాయలేదు, చూడగానే "నువ్వు బాగున్నావు" అన్నారు. కళ్ళు మసకబారితే తెలిసింది. లావుగా ఉన్న నాకు హిమోగ్లోబిన్ చూడకపోవడానికీ, సన్నగా ఉన్న వాడికి షుగరు చూడకపోవడానికీ కారణం ఒకటే. పరీక్ష రాయాలో వద్దో మనిషిని చూసి తేల్చారు, చెప్పిన బాధని విని కాదు. ఈ సంగతి ఓక్లాండ్‌లో చెప్తే వాళ్ళు కాగితంలో ఇంకో గడి గీశారు. ఆ గదికి సన్నటి మనుషుల కాగితాలూ ఇప్పుడు వస్తున్నాయి.

మన ఆడవాళ్ళకి ఈ పని కొత్తది కూడా కాదు. బోస్టన్ స్త్రీలు తమ ఒంటి గురించి తామే చదివి, తామే రాసుకుని 1970లో ఒక పుస్తకం వేస్తే, ఆ దారిలోనే హైదరాబాదు స్త్రీలు 1991లో "సవాలక్ష సందేహాలు" తెచ్చారు. జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న లాంటివాళ్ళు అందులో పాలుపంచుకున్నారు. ఆడవాళ్ళ అనుభవాలు అడిగి, వైద్యం చదివినవాళ్ళూ చదవనివాళ్ళూ కూర్చుని రాసిన పుస్తకం. అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల్లో అలాంటి పని ఎందుకు జరగడం లేదో నాకు అర్థం కాదు. మన వాట్సాప్ గ్రూపుల్లో మెంతినీళ్ళ దగ్గర్నుంచి నలభై రోజుల బరువు పోటీల దాకా అన్నీ తిరుగుతాయి. ఎవరు ఎంత తగ్గారో ఫొటోలతో సహా పెడతారు. ఏ డాక్టరు మన మాట విన్నారు, ఏ జబ్బు ఎంత ఆలస్యంగా బయటపడింది అన్నది ఎవరూ రాయరు. జబ్బు పేరు బయటికి చెప్తే పిల్లల పెళ్ళిళ్ళకి అడ్డమన్న భయం ఉందని తెలుసు. పేరు లేకుండా రాసే పద్ధతి పైన చెప్పాను.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఈ విషయంలో ఒక వసతి ఉంది, దాన్ని వాళ్ళు గుర్తించరు. అక్కడ రోగి కాగితాలు రోగి దగ్గరే ఉంటాయి. మందుల చీటీలు, ఎక్స్‌రేలు, ల్యాబ్ రిపోర్టులు, అన్నీ బట్టలకొట్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువా మీద పడేస్తాం. ఇక్కడ యాభై ఏళ్ళు పోరాడి సాధించుకున్నది అక్కడ బీరువా మీదుంది. దయచేసి ఆ కవరు పారేయకండి. తేదీల వరసలో పెట్టి, ప్రతి చీటీ వెనకా ఏ బాధతో వెళ్ళారో, డాక్టరు ఏమన్నారో ఒక్క వాక్యం రాయండి.

ఇక్కడున్నవాళ్ళు మీ ఆసుపత్రి యాప్ తెరిచి మీ నోట్సు చదవండి. ఇంగ్లీషు రాని మీ అమ్మానాన్నల నోట్సు వాళ్ళ అనుమతితో చదివి, వాళ్ళకి తెలుగులో చెప్పండి. తప్పుంటే సరిదిద్దమని రాయండి. మన తెలుగు సంఘాల హెల్త్ క్యాంపులు నడిపే డాక్టర్లకీ వాలంటీర్లకీ నాది ఒక్క విన్నపం. బరువు అంకెని గట్టిగా చదివి వినిపించకండి, సన్నటివాళ్ళకి కూడా షుగరు చూడండి, బీపీ బల్ల మీద అన్ని సైజుల పట్టీలూ పెట్టండి. పట్టీ కట్టేముందు టేపుతో చెయ్యి కొలవడానికి అర నిమిషం కూడా పట్టదు.